మాస్టారి లెక్క తప్పలేదు

గుంటూరులో రిటైరైన ఓ లెక్కల మాస్టారి దగ్గర 2012 నాటి ల్యాప్‌టాప్ ఉంది. కాలం చేసిన భార్య ఫోటోలన్నీ అందులోనే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. విండోస్ 11 దీనికి ఎక్కదు. ‘పడేయండి మాస్టారూ’ అన్నాడు రిపేరు షాపు కుర్రాడు.

ఆయన పడేయలేదు. ఫోటోలను వేరే డిస్కులోకి ఎక్కించి, లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ పెట్టారు. ‘డిస్కు మొత్తం చెరిపేయాలా?’ అని తెర అడిగేసరికి చెయ్యి ఆగింది. కాపీలను మనవరాలి కంప్యూటర్లో ఒక్కొక్కటీ తెరిచి చూశాకే నొక్కారు.

అంతా బాగానే ఉంది, వైఫై తప్ప. బ్రాడ్‌కామ్ చిప్‌కు డ్రైవర్ కావాలి, అది దించాలంటే నెట్ కావాలి. రెండు రాత్రులు తల పట్టుకున్నాక ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి, ఆ నెట్‌తోనే డ్రైవర్ దించారు. వైఫై వచ్చింది. తెరపై పెట్టిన మొదటి ఫోటో ఆమెదే.