పిట్లం పల్లెల్లో సేవావిద్య

మానవసేవ అనగానే దానధర్మాలే స్ఫురించే భారతదేశంలో, దానిని కళాశాలలో నేర్చుకోవలసిన వృత్తిగా నిలిపిన ఘనత 1936లో ముంబైలో సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదలైన విద్యాలయానిది. డిప్లొమా అయినా, స్నాతకోత్తర పట్టా అయినా ఈ చదువుకు ప్రాణం క్షేత్రకార్యం; అంటే విద్యార్థి గ్రామంలోనో ఆసుపత్రిలోనో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి, చూసినదాన్ని రాసి, ఆ రాతను గురువుతో చర్చించడం.

కామారెడ్డి జిల్లా పిట్లం మండలం అటువంటి శిక్షణకు ఎంత అనువైనదో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గల్ఫ్ వెళ్లిన భర్త నుంచి కబురు ఆగిపోయిన ఇల్లాలు, తండాలో బడి మానేసిన పిల్ల, అప్పు తీరని కౌలురైతు, వీరిలో ఎవరి కష్టమూ మరొకరి కష్టం వంటిది కాదు కనుకనే కేస్ వర్క్ అనే పద్ధతి పుట్టింది. ఒక మనిషి ఇబ్బందిని ఆ మనిషితోనే కలిసి అర్థం చేసుకుని, ఆ మనిషి బలంతోనే దారి వెతకడం దాని సారం. ఇందులో జాలికి చోటు తక్కువ, గోప్యతకు, అంటే విన్నది బయట పెట్టకపోవడానికి, చోటు ఎక్కువ; అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో అది పాటించడమే అన్నిటికన్నా కఠినమైన పాఠం.

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువైన ఈ సీమలో తెలుగు ఒక్కటే చాలదు; పాఠ్యగ్రంథాలేమో ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉన్నాయి. తండా గడపలో లంబాడీలో పలకరించగల విద్యార్థిని మాత్రం ఏ గ్రంథమూ ఇవ్వలేని అర్హతతోనే తరగతిలో అడుగుపెడుతుంది.