తోడులేని మునక

1943వ సంవత్సరము జూన్ మాసమున, ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమందలి బాందోల్ అను ఊరి సమీపమున, ఒక నావికాధికారి వీపున గాలిసీసాలు కట్టుకొని సముద్రములో దిగెను. ఆయన పేరు జాక్ ఈవ్ కూస్తో. సీసాలలో కూరి నింపిన గాలిని, మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సరిపోవునట్లు అందించు సాధనమును ఆయనయు, ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరును కలిసి నిర్మించిరి. నేడు లోకమంతట స్కూబా అని పిలువబడు మునకవిద్య ఈ సాధనముతోనే వ్యాపించెను.

ఆనాడు నీటిలోపల కూస్తో ఒక్కడే. కాని ఆయన భార్య సిమోన్ నీటిపై తేలుచు, ముఖము నీటిలో నుంచి, గొట్టముతో ఊపిరి పీల్చుచు, ఆయనను కనిపెట్టుచుండెను. ఫ్రెడెరిక్ ద్యుమా అను గొప్ప ఈతగాడు ఒడ్డున విశ్రాంతిగా నుండి, ఆమె సైగ చేసినంతనే దుముకుటకు సిద్ధముగా నుండెను. మరి కూస్తో ఆనాడు ఒంటరిగా మునిగెనా, తోడుతో మునిగెనా? ఈ ప్రశ్నను నేను పలుమారులు మనస్సున త్రిప్పుచుంటిని.

అందులకు కారణము నా మేనల్లుడు. అతడు విశాఖపట్టణమున ఈ విద్య నేర్చుకొనుచున్నాడు. జంటగానే దిగవలెనని గురువుల నియమము. అది అతనికి రుచింపదు. "మామయ్యా! జంటవాడు తొందరపడి కాళ్లు కొట్టుకొనును; చేపలన్నియు చెదరిపోవును. ఒక్కడనే యున్నచో ఒక రాతిచెంత కదలక నిలిచి సముద్రమును చూడవచ్చును గదా!" అని వాదించుచుండును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఏకాంతము కోరువాడు ఎల్లప్పుడును మూర్ఖుడు కాడు. నేనా, మా ఊరి దిగుడుబావికి మించిన లోతు నెరుగను. కనుక ఈ విషయమై కొంత చదివితిని, ఎరిగినవారిని అడిగితిని.

నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి అదనముగా మీద పడును. 30 మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైనున్న దానికి నాలుగింతలు. ఒక్కొక్క ఊపిరికి నాలుగింతల గాలి ఖర్చగును. పైన గంటసేపు చాలు సీసా అచ్చట పావుగంటకే ఖాళీయగును. గాలి అందలేదని ఊపిరి బిగబట్టి పైకి ఉరికినచో, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చివేయగలదు. జంటవాని వద్ద అదనముగా ఒక గాలిగొట్టము వ్రేలాడుచుండును. గొంతు మీదుగా అరచేతిని అడ్డముగా కదల్చిన చాలును, 'గాలి లేదు' అని గ్రహించి దానిని అందించును. ఇక జాలరులు విడిచిపోయిన వల యొకటి వీపుమీది సీసాకు తగులుకొన్నదనుకొనుడు. చేయి అందదు, కన్ను కానదు. వెనుకనున్న వానికి అది స్వల్పమైన పని.

ఇంతకంటె గహనమైన అపాయము వేరొకటి కలదు. లోతు పెరిగినకొలది గాలిలోని నత్రజని మనస్సును మత్తులో ముంచును. 1943 అక్టోబరులో ఆ ద్యుమాయే, మార్సేయ్ నగరము దగ్గర, ముడులు వేసిన త్రాటి వెంట పరీక్షార్థము దిగెను. ఆయనకు ఏదియో వింత ఆనందము కలిగెను. బరువుల పట్టీని గుర్తుగా త్రాటికి కట్టి పైకి వచ్చి, ముప్పది మీటర్లకు కొంచెము మించి దిగితినని తలచెను. త్రాటిని కొలిచి చూడగా ఆ పట్టీ అరువది మీటర్లకు పైబడిన చోట నుండెను! తానున్న లోతును ఎరుగని మనస్సు తన క్షేమమును నిర్ణయించుకొనగలదా?

1947లో వారి సహచరుడు మోరీస్ ఫార్గ్, తులోన్ దగ్గర, 120 మీటర్ల లోతున కట్టిన పలకపై తన పేరు వ్రాసెను. పిమ్మట త్రాటిపై ఆయన సంకేతములు ఆగిపోయెను. పైనున్నవారు వెంటనే లాగిరి గాని ప్రాణము దక్కలేదు. అచ్చట తోడున్నది, చాలలేదు. ఈ సంగతిని నేను మేనల్లునికి దాచలేదు.

వాని పక్షమున చెప్పదగినది ఇంకను కలదు. బ్రిటనులో నీరు నిండిన ఇరుకు గుహలలో ఈదువారు పలువురు ఒంటరిగానే పోవుదురు. బురదనీటిలో రెండవవాడు కనబడడు. ఒక్క మనిషియే పట్టు సందులో అతడు దారికి అడ్డమగును. 2018లో థాయిలాండునందలి థామ్ లువాంగ్ గుహలో చిక్కుకొన్న పండ్రెండుగురు బాలురను, వారి శిక్షకుని మొదట కనుగొన్న రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ అట్టి గుహలలో ఆరితేరినవారే. అయినను ఆనాడు వారు ఇద్దరు కలిసియే పోయిరి. ఆ రక్షణకార్యములోనే సమన్ గునన్ అను థాయి మాజీ నావికుడు, వెంట తోడుండియు, స్పృహ తప్పి మరణించెను.

ఒంటరిమునకను పద్ధతిగా నేర్పు సంస్థలును నేడు కలవు. అవి నూరు మునకలైనను మునుగని వానిని చేర్చుకొనవు. వేరొక గాలిసీసాను, వేరొక శ్వాససాధనమును వెంట నుంచుకొనుమనును. అనగా తోడును విడుచువాడు దానిని లోహరూపమున మోసికొని పోవలెను. ఆ సీసా గాలి నిచ్చును గాని, 'నీకు మత్తెక్కినది, పైకి రమ్ము' అని సైగ చేయదు. ఎరిగిన చోట, కొద్ది లోతున, పడవపై మనిషిని కాపుంచి మునుగు అనుభవజ్ఞుని నేను తప్పుపట్టను. మా వాని లెక్క ఇంకను పదునొకండు.

అయితే ఇరువది గజముల దూరమున తన ఛాయాచిత్రములలో తాను మునిగియున్న వానిని తోడనుట చెల్లదు. సిమోన్ నీటి పైననే యుండెను. అయినను ఆమె కన్ను భర్తమీదనే యుండెను. ఆనాడు కూస్తో ఒంటరి కాడని నా తీర్పు.

మేనల్లుడు ఇది యంతయు విని, "సరే మామయ్యా! తోడువాడే కనబడకపోయినచో?" అనెను. దానికి సమాధానము వాని గురువులే నేర్పియున్నారు. ఒక్క నిమిషము మాత్రము చుట్టును వెదకవలెను. కనబడకున్న మెల్లగా పైకి రావలెను. అవతలివాడును అట్లే చేయును. ఇరువురును నీటిపైన కలిసికొందురు.