ఏడవ నంబరు కఱ్ఱ

గడచిన వేసవిలో మా యింట నొక పెద్ద తర్జనభర్జన జరిగినది. అది పెండ్లి సంబంధమును గుఱించి కాదు, ఇంటి పట్టాను గుఱించియు కాదు. గోల్ఫు ఆడు ఇనుప కఱ్ఱలను గుఱించి. గోదావరిఖనిలో గోల్ఫేమిటని సోదరీమణులు నవ్వుకొనవచ్చును. మొట్టమొదట నవ్వినవారము మేమే.

మా వారు సింగరేణి బొగ్గుగనులలో ముప్పదియేండ్లకు పైగా సర్వేయరు పని చేసి విశ్రాంతి పుచ్చుకొనిరి. వారి అన్నగారు, అనగా మా బావగారు, అమెరికాలో చిరకాలము ఇంజనీరుగా నుండి కడపట సికిందరాబాదు చేరిరి. ఆయన తమ్మునికి నేర్పిన విద్య యిది. మేము మొదట నీళ్లసీసా పట్టుకొని వెంట నడచుటకే వెళ్లెడివారము. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సున అదితి అశోక్ అను బెంగుళూరు పిల్ల ఒక్క దెబ్బ తేడాతో పతకము పోగొట్టుకొని నాలుగవ స్థానమున నిలిచిన యుదయము, పొయ్యిమీద పాలు పొంగిపోవుటయు నెఱుగక టెలివిజను ముందు కూర్చుంటిమి. ఆ వారమే బావగారి నడిగితిమి, మాకును నేర్పుదురా యని. ఆయన నవ్వలేదు. తమ సంచిలోని ఏడవ నంబరు కఱ్ఱను తీసి మా చేతికిచ్చిరి.

నాటినుండి ఇంటి పెరటిలో రెండు గుంజలు పాతి, జాలరుల యొద్ద కొన్న పాత వల కట్టి, దాని వెనుక రెండు బొంతలు వ్రేలాడదీసి, ప్రొద్దు పొడవకముందే బంతులు కొట్టుట మాకు అలవాటైనది. రామగుండము ఎండల నెఱిగినవారికి ప్రొద్దెక్కిన తరువాత ఎందుకు కొట్టరాదో చెప్పనక్కఱలేదు. పొరుగింటామె గోడమీదుగా చూచి, "ఏందక్కా, ఈ వయసుల చిర్రగోనె మొదలువెట్టినవా?" అని యడిగినది. నెలకొకమాఱు రైలెక్కి హైదరాబాదులో నున్న మా అమ్మాయి యింటికి పోయినపుడు మాత్రము నిజమైన పచ్చికమీద ఆడుదుము.

బావగారు కాలము చేసి రెండేండ్లయినది. ఆయన సంచి మా వారికి వచ్చినది. ఇద్దరమును వానితోనే ఆడుచుంటిమి. ఈ వేసవిలో మా యల్లుడు, "మామయ్యగారూ, ఇవి నలువదియేండ్లనాటి రకము. ఇప్పుడు ఆట బాగుచేయు కొత్త కఱ్ఱలు వచ్చినవి. మీకొక సెట్టు మేము కొనియిత్తుము. పాతవి అత్తయ్యగారికి సరిపోవును" అనెను.

ఆట బాగుచేయునవి యను మాట అమ్మకపుదారులది. మా చిన్నతనమున సంతలో అమ్మిన జ్ఞాపకశక్తి లేహ్యము మాకు తలపునకు వచ్చినది. కాని మమ్ము గ్రుచ్చినది ఆ మాట కాదు, దాని వెనుక వచ్చినది. మా యింట కొత్త సెల్లుఫోను వారికి, పాతది మాకు. కొత్త కూలరు ముందుగదికి, పాతది వంటయింటికి. అల్లుడు మంచివాడు, ఆయన నేమియు ననలేము. మేమే యిన్నియేండ్లు అట్లు సర్దుకొని, అదియే క్రమమని పిల్లలకు నేర్పితిమి.

ఆ పాత కఱ్ఱలు మాత్రము సామాన్యమైనవి కావు. పింగు ఐ-2 అనునవి. ఆ రకము 1982లో బయలువెడలినది. వానిని కల్పించిన కార్‌స్టెన్ సోల్‌హైము నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరై, నలువది దాటిన పిదప గోల్ఫు మొదలుపెట్టెను. బంతి సరిగా పోకున్న అందఱును తమ చేతిని నిందించుకొందురు. ఆయన కఱ్ఱను నిందించెను. 1959లో తన గరాజులో మొదటి కఱ్ఱను చేసెను. బంతిని తాకినపుడు అది పింగుమని మ్రోగుటచే ఆ పేరు వచ్చినది. 1966లో చేసిన కఱ్ఱకు 'ఆన్సర్' అని పేరు సూచించినది ఆయన భార్య లూయీజు. చెక్కుటకు చోటు చాలకపోగా, నడుమ నొక అక్షరము తీసివేయుమని ఆమెయే చెప్పినదట. 1990 మొదలు అమెరికా, ఐరోపా స్త్రీల నడుమ జరుగుచున్న పోటీకి ఆ యింటి పేరే కలదు.

ఆయన యుపాయము మనకు తెలియనిది కాదు. కావడిబద్ద రెండు కొనలకు బరువు కట్టినపుడు ఒక కొనను ఎవరైన తట్టినను అది చటుక్కున తిరుగదు. ఆ బరువునే నడుమ మూటగా కట్టినచో ఇట్టే తిరుగును. అట్లే కఱ్ఱతల వీపును నడుమ తొలిచి, ఆ యినుమును అంచులకు పంచిన, బంతి ప్రక్కగా తగిలినను మొగము మెలితిరుగదు. మావంటివారి దెబ్బలు చాలవఱకు ప్రక్కనే తగులును గనుక ఈ క్షమాగుణము మిక్కిలి విలువైనది. కొత్త కఱ్ఱలలో మొగమును పలుచచేసి, బరువును ఇంకను అడుగునకు దింపుదురు. మూలసూత్రము మాత్రము పాతదే.

అందఱము కలిసి నగరములోని యొక అభ్యాసస్థలమునకు వెళ్లితిమి. మా వారు బావగారి ఏడవ నంబరుతో పది బంతులు కొట్టి, కొత్త ఏడవ నంబరు నందుకొనిరి. మొదటి బంతియే పదునైదు గజములు ముందుకు పోయి పడినది. గనిలో కొత్త సీము తగిలినవారివలె వారి మొగము వెలిగినది. మేము అదే కఱ్ఱతో కొట్టగా బంతి గడ్డిని ఒరసికొనుచు పోయి, ఎక్కడ నాగవలెనో తెలియక దొర్లినది. అప్పుడు అమ్మాయి మూలనుండి సన్నని నల్లకాడ గల మఱియొక కఱ్ఱ తెచ్చి యిచ్చినది. అది స్త్రీలకని చేసినది; కాడ ఉక్కు కాదు, గ్రాఫైటు. చేతిలో చీపురుపుల్లవలె తోచినది. కొట్టితిమి. బంతి లేచి, కొంతసేపు గాలిలో నిలిచినట్లుండి, మెల్లగా దిగినది. పాతదానికంటె పది గజములు దూరము. పది గజములు లోకములో నేమియు కాదు. కాని మఱునాటి ఉదయము కుక్కరు నెత్తినపుడు మోచేయి మూలుగలేదు. ఎన్నో నెలల తరువాత అట్లు జరిగినది.

మా వారికి మాత్రము ఆ పదునైదు గజములు నిద్రపట్టనీయలేదు. అల్లుడు పరీక్షకై యింటికి తెచ్చిన కొత్త కఱ్ఱను తెల్లవాఱగనే నేలపై నిలిపి, మనుమరాలి జామెట్రీ పెట్టెలోని కోణమానికి దారము కట్టి, దారమునకొక మేకు వ్రేలాడదీసి కొలువ నారంభించిరి. బొగ్గుపొరల వాలు కొలుచుచు బ్రదుకు వెళ్లదీసినవారు గదా! పాత ఏడవ నంబరు మొగపు వాలు సుమారు 35 డిగ్రీలు. కొత్త ఏడవ నంబరుది సుమారు 29. పాతవానిలో ఆ వాలు ఐదవ, ఆఱవ నంబరులకు నడుమ నుండును. కాడయు కొంచెము పొడవు. "ఏడని చెక్కి ఐదున్నర అమ్ముచున్నారు" అని మా వారు లేచి నిలుచుండిరి.

అల్లుడు, గనులలో తట్టా చెమ్మసు పోయి లోడరు యంత్రములు వచ్చినపుడు ఎవరైన పాతవే చాలుననిరా యని యడిగెను. మా వారు, "యంత్రము ఎత్తినదన్న బొగ్గును మేము కొలిచి చూచుకొంటిమి, నాయనా" అనిరి.

దీనిని కేవలము మోసమనుట న్యాయము కాదు. బరువు అడుగునకు దిగిన కఱ్ఱ బంతిని తనంత ఎత్తుగా లేపును; మొగమును కొంత నిలువు చేయకున్న బంతి మరీ పైకి పోవునని తయారుచేయువారి వాదము. వడిగల చేతికి ఆ వాదము చెల్లును. మందమైన చేతికి చెల్లదు. లేవవలసిన బంతి లేవదు. చాలమంది స్త్రీలకు, వయసు మీఱిన పురుషులకును ఇదియే చిక్కు. వేఱొక చిక్కును గలదు. పిచ్చింగు వెడ్జి యనునది పూర్వము సుమారు 50 డిగ్రీలుండగా, ఇప్పుడు 44 దరిదాపున నుండును. ఇసుకగుంటకు వాడు కఱ్ఱ 56 దగ్గఱనే యున్నది. ఆ నడిమి సందును పూడ్చుటకు మఱియొక కఱ్ఱ కొనవలెను. సంచిలో పదునాలుగింటికి మించరాదని అమెరికాలో 1938 నుండియు నియమమున్నది. కావున కొనబోవు సోదరీమణులు నంబరును నమ్మక డిగ్రీల నడుగవలెను. కఱ్ఱను వంటయింటి త్రాసులో తూచవలెను. మేము తూచితిమి. బావగారి ఏడవదానికిని నల్లకాడ గలదానికిని సుమారు ఐదు తులముల తేడా వచ్చినది. ఒక పూట అరువదిమాఱులు ఎత్తి దింపు చేతికి ఐదు తులములు తక్కువ బరువు కాదు.

ఆ రాత్రి భోజనముల యొద్ద మేము నోరు విప్పితిమి. కొత్తవి మాకు కావలెననియు, బావగారివి వారికి చాలుననియు, సెట్టు మొత్తము అక్కఱలేదు, ఏడు మొదలు ఇసుక వెడ్జివఱకు ఐదు కఱ్ఱలు చాలుననియు, వాని ధర మా చీటీ సొమ్మునుండి మేమే యిత్తుమనియు చెప్పితిమి. ఆ సొమ్ముతో లక్ష్మీనగరు దుకాణమున గాజులు మార్చుకొనవలెనని మొదట తలంపు. కొంతసేపు పంకా చప్పుడు తప్ప వేఱు చప్పుడు లేదు. మా వారు పెరుగన్నము కలుపుకొనుచు, "నాకును కొత్తవి బాగుగనే యుండెను" అని మెల్లగా ననిరి.

ఆ సంగతి మాకు తెలియును. ఆ పదునైదు గజములకు వారి మొగము వెలుగుట మేము చూచితిమి. అవి పాత ఐదవ నంబరుతోను వచ్చునని తెలిసినను ఆ వెలుగు అబద్ధమైపోదు. మా మనసు వెనుకకు పోయినది. నోరు మాత్రము పోలేదు. అల్లుడు పళ్లెమువైపు చూచుచుండెను. అమ్మాయి నవ్వాపుకొనుటకు మంచినీళ్లు త్రాగుచుండినది.

గోదావరిఖని చేరిన పిదప రెండు దినములు వారు పెరటిలోనికి రాలేదు. మూడవనాడు బావగారి కఱ్ఱల పిడులకున్న ఎండిపోయిన రబ్బరును తామే కోసి తీసి, హైదరాబాదునుండి తెచ్చిన కొత్త రబ్బరులు తొడిగిరి. ఆ పనికి ఒక పగలంతయు పట్టినది. సాయంకాలము మా ఐదు కఱ్ఱలనుకూడ అరుగుమీద వరుసగా పెట్టి, కోణమానితో కొలిచి, గనిపటములమీద మట్టములు వ్రాయు ముత్యములవంటి అంకెలతో, అడుగున చెక్కియున్న నంబరుల ప్రక్కగా తెల్లరంగుతో డిగ్రీలు వ్రాసిరి. బావగారి కఱ్ఱలకును వ్రాసిరి.

ఇప్పుడు మా పెరటిలో ఏడు, ఎనిమిది యను మాటలు లేవు. నిన్న ఉదయము వల ముందు నిలిచి, వెనుకకు తిరుగకయే చేయి చాచి, "ఆ ముప్పదియైదు ఇటు అందింపుము" అనిరి. మాది ముప్పదిరెండు. సంచిలోనుండి బావగారి కఱ్ఱను తీసి యిచ్చితిమి.