తూము దగ్గరి కొలత

"లింక్ లేదండీ" అన్న మాట వినకుండా మన్యంలో బ్యాంకు పని చేసుకొచ్చినవాడు ఉండడు. మా నాన్న పింఛను కోసం వెళ్లిన ప్రతిసారీ నేనూ తోడు వెళ్లేవాణ్ణి. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే ఆ మాట అనేది. ఎందుకు లేదని ఎవరూ అడిగేవారు కాదు. వాన ఎందుకు పడలేదని ఎవరిని అడుగుతాం? గోడవారగా బల్ల మీద సర్దుకుని కూర్చునేవాళ్లం. ఆ లింక్ ఎక్కడి నుంచి వస్తుందో, పోయినప్పుడు ఆ సంగతి ఎవరికి తెలుస్తుందో ఒకసారి చూసి రావాలని అప్పటి నుంచీ మనసులో ఉంది. ఆగస్టులో కుదిరింది.

శంషాబాద్ దాటి, పెద్దరోడ్డు వదిలి మట్టిదారిలో కొంత దూరం పోతే ప్రహరీ గోడ కనిపించింది. గోడ మీంచి తొంగిచూస్తున్నట్టు తెల్లటి డిష్. వ్యాసం 7 మీటర్ల పైనే. దాని నీడలో ఒక కుక్క హాయిగా పడుకుని ఉంది. నన్ను లోపలికి తీసుకెళ్లిన ఇంజనీరుకు ముప్పై అయిదేళ్లుంటాయి. ఖమ్మం వైపువాడు. "నా పేరూ కంపెనీ పేరూ మాత్రం రాయొద్దు సార్" అన్నాడు. రాయడం లేదు.

లోపల అంత పెద్ద హడావుడేం లేదు. ఏసీ చలి, రెండు ఇనప బీరువాలంత ర్యాకులు, వాటి ముందు ఇద్దరు కుర్రాళ్లు, గోడకు నాలుగు తెరలు. దీన్నే హబ్ అంటారు. ఏజెన్సీలో, నల్లమలలో, ఇంకా ఫైబర్ నిలబడని చోట్ల ఒకే బ్యాంకుకు చెందిన అరవై చిల్లర శాఖలు, ఏటీఎంల మీద ఉన్న, వీశాట్ అనే చిన్న డిష్‌లన్నీ ఇక్కడికే మాట్లాడతాయి. నేరుగా కాదు. పాడేరు కొండ మీది ఒక శాఖ పంపిన అంకె 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహానికి ఎక్కి, అక్కడి నుంచి అంతే దూరం దిగి ఈ డిష్‌లో పడాలి. కాంతి వేగంతో పోయినా దానికే పావు సెకను. జవాబు తిరిగి చేరేసరికి అర సెకను. మోడెంలు తినే కాలం కూడా కలిపితే 600 మిల్లీసెకన్లకు తగ్గదు.

"ఇంత చిన్న నెట్‌వర్క్‌కు సొంతంగా ఈ సరంజామా అంతా ఎందుకు? వెయ్యి డిష్‌లున్న పెద్దవాళ్ల హబ్‌లో చేరిపోవచ్చుగా?" అన్నాను.

అతను నవ్వి, "పదేళ్లు అట్లానే ఉన్నాం సార్" అన్నాడు.

పెద్ద హబ్‌లో వెయ్యిమంది ఉంటే వెయ్యిమందీ ఒకేసారి మాట్లాడరు. ఎవరో టీకి లేస్తారు, ఎవరో ఫైలు తిరగేస్తూ ఉంటారు. ఆ ఖాళీని నమ్ముకుని, ఉన్నదానికి అయిదింతలో పదింతలో అమ్ముతారు. అందులో మోసమేమీ లేదు, ఆ వ్యాపారమే అంత. సగటు వాళ్లను కాపాడుతుంది. అరవై శాఖలవాడికి ఆ సగటు దొరకదు. ఒకటో తారీఖు ఉదయం పదిన్నరకు అరవై శాఖల్లోనూ వరస ఉంటుంది. అరవై చోట్లా ఒక్కసారే కావాలి. చోటుకు 128 కిలోబిట్లు తగ్గకుండా ఇస్తామని నిజంగా మాట ఇవ్వాలంటే 60ని 128తో గుణించి, 7,680 కిలోబిట్లు పట్టేంత తరంగాన్ని ఉపగ్రహం మీద కొనిపెట్టుకోవాల్సిందే. నెలలో ఇరవై అయిదు రోజులు అందులో సగం ఊరికే పడి ఉంటుంది. ఆ ఖాళీకి కూడా డబ్బు కట్టాలి.

ఈ కనీస హామీని వాళ్ల భాషలో సీఐఆర్ అంటారు. మనకు అమ్మేవాళ్లు వేగం గురించి చెబుతారు గానీ దీని సంగతి ఎత్తరు. కరపత్రంలో "4 ఎంబీపీఎస్ వరకు" అని ఉంటే ఆ "వరకు" దగ్గర వేలు పెట్టి, కింద ఎంతవరకు పడిపోతుందో అడగాలి. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైనప్పుడు ఊరూరా బ్రోకర్ల మేడల మీద ఇలాంటి డిష్‌లే లేచాయి. వాళ్లకు కావలసింది బొమ్మలు చూసే వేగం కాదు. బొంబాయిలో బ్రోకరు కొట్టిన ఆర్డరుతో పాటు విజయవాడ బ్రోకరు ఆర్డరు కూడా తప్పకుండా చేరాలి, అంతే.

నాకు సరిగ్గా అర్థం కాలేదని కనిపెట్టాడేమో, అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "మా నాన్న సాగర్ ఎడమ కాలువ మీద లస్కర్ సార్, తూములు ఎత్తి దించే పని. మాది కాలువ చివరి ఊరు" అన్నాడు. ఇక అక్కడి నుంచి నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది.

శాఖల నుంచి హబ్‌కు వచ్చే దారి అందరిదీ ఒకటే. ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే రెండూ చెడతాయి. అందుకని వంతులు. ఈ వ్యవస్థలో సెకనుకు 8 సార్లు వంతుల పట్టిక కొత్తగా రాస్తారు. ఎవరి దగ్గర ఎంత సరుకు పేరుకుందో చూసి, అంత సేపు తూము ఎత్తుతారు. పని లేనివాడి వంతు పక్కవాడికి పోతుంది. "మరి పని లేనివాడికి ఉన్నట్టుండి పని పడితే?" అన్నాను. "నీళ్లు కావాలని అడగడానికి కూడా ఒక వంతు కావాలి కదా సార్" అన్నాడు. కాబట్టి నిద్రపోతున్న శాఖకు కూడా చిటికెడు కాలం ఎప్పుడూ విడిచిపెడతారు. అది లేకపోతే చెయ్యెత్తి అడగడానికే శాఖ ఎదురుచూడాలి. అడిగాక, ఇచ్చామన్న కబురు చేరడానికి మళ్లీ అర సెకను.

ఒక శాఖ లోపల కూడా వంతులున్నాయి. ఏటీఎం లావాదేవీ అందరికన్నా ముందు, అది కొద్ది కిలోబైట్లే. తర్వాత కౌంటర్లు. సీసీ కెమెరా బొమ్మలు అన్నిటికన్నా చివర. ఒకప్పుడు ఈ వరస పెట్టకముందు ఒక శాఖలో కంప్యూటర్ తనకు తానే విండోస్ అప్‌డేట్ దింపుకోవడం మొదలుపెట్టి, పూటంతా జనాన్ని బల్లల మీద కూర్చోబెట్టిందట. మా నాన్న కూర్చున్న బల్లల్లో అదీ ఒకటేమో!

ఇంకో గడసరి పని కూడా చేస్తారు. ఇంటర్నెట్‌లో సరుకు పంపేవాడు కొంత పంపి, అందిందన్న రసీదు వచ్చేదాకా ఆగుతాడు. పాత పద్ధతిలో ఒక దఫాకు 64 కిలోబైట్లకు మించి పంపడు. రసీదుకు 600 మిల్లీసెకన్లు పడితే, దారి ఎంత వెడల్పు ఉన్నా సెకనుకు దాదాపు 870 కిలోబిట్లు దాటవు. అందుకని ఇక్కడి పెట్టె, సరుకు శాఖకు చేరకముందే "అందింది, పంపు" అని దొంగ రసీదు రాసి ఇచ్చేస్తుంది. చేర్చే బాధ్యత తను నెత్తిన వేసుకుంటుంది. మా ఊళ్లో పోస్టుమాన్ కూడా కొన్నాళ్లు ఇలాగే చేశాడు, బాధ్యత సంగతి తప్ప.

మేడ మీద పరీక్షల కోసం ఒక చిన్న డిష్ పెట్టారు, శాఖల మీద ఉండేదాని లాంటిదే, 1.2 మీటర్లది. అది చూస్తున్న వైపే ఉపగ్రహం ఉందనుకున్నాను. కాదట. గిన్నె మధ్యలో ఉండాల్సిన, సిగ్నల్ అందుకునే కొమ్ము కిందికి జరిపి ఉంటుంది కాబట్టి, గిన్నె ముఖం ఓ మాదిరి వాలులో కనిపిస్తుంది గానీ దాని చూపు ఇంకా పైకి, మన దగ్గర దాదాపు 70 డిగ్రీల ఎత్తుకు, నడినెత్తికి కాస్త దక్షిణంగా పోతుంది. ఆ చూపు సన్నం, ఒకటిన్నర డిగ్రీ ఉంటుందేమో. ఒక డిగ్రీ పక్కకు తిరిగినా పని అయిపోయినట్టే. మన్యంలో దానికి పెద్ద శత్రువులు కోతులు. కొమ్ము పట్టుకుని ఊగుతాయి. ఒక శాఖలో డిష్ చుట్టూ రేగుకంప కట్టి కాపాడుకుంటున్నారట. కొమ్ము మూతిలో కందిరీగలు గూడు పెడతాయి. కేబుల్ తలకాయకు చుట్టిన నల్ల టేపు ఎండకు పగిలితే నీళ్లు దిగుతాయి. అతను కత్తితో ఒక పాత కనెక్టర్ మీది టేపు చీల్చి చూపించాడు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. "కంప్లయింట్లలో చాలామటుకు దీనివే సార్. ఆకాశాన్ని అనవసరంగా తిడతారు."

ఆకాశం తప్పు కూడా లేకపోలేదు. మార్చి నడుమ, మళ్లీ సెప్టెంబరు చివర, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి దాటే కొద్ది రోజులుంటాయి. ఆ పూట కొన్ని నిమిషాలు సూర్యుడి రొద తప్ప మరేదీ వినిపించదు. వీళ్ల ఉపగ్రహం వరకు అది మధ్యాహ్నం భోజనాల వేళకు పడుతుంది, అదొక అదృష్టం. తారీఖులూ నిమిషాలూ ముందే లెక్కగట్టి శాఖలకు పంపుతారు. వాన అలా చెప్పి రాదు.

మేం మేడ దిగేసరికి ఒక తెర మీద ఒక గీత జారుతోంది. చింతపల్లి వైపు ఒక శాఖ. "అక్కడ వాన మొదలైంది" అన్నాడతను, కిటికీలోంచి చూసినంత మామూలుగా. ఈ డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ తరంగం పొడుగు రెండు, రెండున్నర సెంటీమీటర్లే. జోరువాన చినుకులు దాన్ని తాగేస్తాయి, చెదరగొడతాయి. గీత జారినకొద్దీ యంత్రం తన మాట తీరు మార్చుకుంటూ పోయింది. చెవిటివాడితో మాట్లాడేటప్పుడు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పినట్టు. ఎండలో ఒక హెర్ట్జ్‌లో రెండు బిట్లకు పైగా కుక్కి పంపేది, ఇప్పుడు ఒక్కటే పంపుతోంది. లింక్ తెగలేదు. కానీ అదే 128 కిలోబిట్లు చేర్చడానికి ఆ శాఖకు రెట్టింపు కాలం పడుతోంది.

"ఆ రెట్టింపు ఎవరిది?" అన్నాను.

అతను వెంటనే జవాబు చెప్పలేదు. "మా నాన్నతో రైతులకు ఇదే తగాదా సార్. నీళ్లు తూము దగ్గర కొలవాలా, పొలం దగ్గర కొలవాలా? తూము దగ్గర కొలిస్తే, దారిలో ఇంకిపోయింది చివరి రైతు నష్టం. పొలం దగ్గర కొలిస్తే, ఇంకేదంతా అందరి మీదా పడుతుంది."

హామీ బిట్లలో రాసుకుంటే చింతపల్లి వాన మిగతా శాఖలన్నిటి వంతునూ కొంచెం కొంచెం కోస్తుంది. హెర్ట్జ్‌లో రాసుకుంటే ఆ ఒక్క శాఖే సగంతో సరిపెట్టుకుంటుంది. ఉపగ్రహం మీద తరంగం అమ్మేది హెర్ట్జ్‌లో, కౌంటర్ ముందు నిలబడ్డ అమ్మకు కావలసింది బిట్లలో. ఒప్పందంలో ఏది రాశారో చదివేవాళ్లు తక్కువ. వీళ్లు మధ్యస్తంగా పోయారు. ఏటీఎం, కౌంటర్ లావాదేవీలకు పొలం కొలత, మిగతా అన్నిటికీ తూము కొలత. నాకు ఇది న్యాయంగానే తోచింది. పంచాయితీ ఎవరు తీర్చారని అడిగితే, "మా మేనేజరూ బ్యాంకు మేనేజరూ రెండు నెలలు కొట్టుకున్నారు" అన్నాడు.

వాన ఇక్కడ, ఈ పెద్ద డిష్ మీదే పడితే? అప్పుడు అరవైమందికీ ఒకేసారి దెబ్బ. అందుకే హబ్ తన గొంతు తనే పెంచుకుంటుంది, చినుకును బట్టి పంపే బలం ఎక్కువ చేస్తుంది. దానికీ ఒక హద్దుంది.

స్టార్‌లింక్ ప్రస్తావన తేకుండా ఉండలేకపోయాను. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేవాటితో ఈ అర సెకను బాధ ఉండదు కదా. మన శ్రీహరికోట నుంచే 2022 అక్టోబరులో, 2023 మార్చిలో అలాగే తక్కువ ఎత్తులో తిరిగే వన్‌వెబ్ ఉపగ్రహాలు 72 ఎగిరాయి. "రానివ్వండి సార్, మంచిదే. వేగం నాకన్నా బాగుంటుంది. నేను అడిగేది ఒకటే, ఒకటో తారీఖు పదిన్నరకు ఎంత ఇస్తారో కాగితం మీద రాసిస్తారా అని." అతని కాగితం మీద, దాన్నే ఎస్ఎల్ఏ అంటారు, లింక్ 99.5 శాతం సమయం ఉంటుందని ఉంది. ముప్పై రోజుల నెలలో అంటే 3 గంటల 36 నిమిషాలు పోవచ్చు. అంతకు మించితే డబ్బు కోత.

నాలుగున్నరకు గీత మళ్లీ పైకి లేచింది. కుర్రాడు ఫోన్ తీశాడు. "మేడం, హబ్ నుంచండీ. లింక్ ఇప్పుడు ఫుల్లుగా ఉంది, ఒకసారి చూసి చెప్తారా?"

అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఏం చూసేది బాబూ, ఇక్కడ కరెంటు పోయి అరగంటైంది. ఇన్వర్టర్ కూడా కూత పెట్టి ఆగిపోయింది."

కుర్రాడు ఫోన్ పెట్టేసి రిజిస్టర్‌లో టైపు చేశాడు. నేను అతని భుజం మీంచి చూశాను. కారణం: సైట్ పవర్. ఎస్ఎల్ఏ: లెక్కలోకి రాదు.