పేట కబుర్లు – 17: లప్పం

ఏప్రిల్ 14 దగ్గర పడుతోంది కదా, మా గుండుగొలను పేటలో కమ్యూనిటీ హాలుకి రంగులేద్దామని కుర్రాళ్ళు చందాలు వేసుకున్నారు. మొన్న ఆదివారం ఫోన్ చేశారు. "అన్నా, తలుపు కింద చెక్కంతా గుంటలు పడింది. గోడలకి తెచ్చిన పుట్టీ సగం బస్తా మిగిలింది. అదే పూసేసి పైన నీలం రంగు కొట్టేద్దామా?"

"ఆగండ్రా, నేనొస్తున్నా" అని ఏలూరులో బస్సెక్కాను.

ఆ తొందరకి కారణం ఉంది. మా నాన్న ముప్పై ఏళ్ళు రంగుల పని చేశాడు. బడి సెలవుల్లో ఆయన వెంట వెళ్ళి లప్పం పిసికేవాణ్ణి. సుద్ద పొడిలో అవిసె నూనె కొంచెం కొంచెంగా పోస్తూ, వేలికి అంటకుండా అయ్యేదాకా పిసకాలి. "చెక్క వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం ముడుచుకుద్దిరా. దాంతోపాటు కదిలేదే లప్పం" అనేవాడు.

హాలు దగ్గర ముందు చేసిన పని, స్క్రూడ్రైవర్ మొనతో తలుపు కింది చెక్కని పొడవడం. సబ్బులో దిగినట్టు దిగింది.

తమ్ముళ్ళూ, గుంటలు రెండు రకాలు. మేకు ఊడినచోట పడ్డది, ముడి రాలిపడ్డది, ఎండకి నెర్రె విచ్చింది ఒక రకం. వాటి చుట్టూ చెక్క గట్టిగా ఉంటుంది, పూడ్చుకోవచ్చు. లోపల చివికిపోయి పడ్డది రెండో రకం. దానికి ఏ లప్పమూ లేదు. గట్టి చెక్క తగిలేదాకా కోసేసి, కొత్త ముక్క అతకాల్సిందే.

పూడ్చేదానికి కూడా లెక్కుంది. గోడ పుట్టీ తెల్ల సిమెంటుతో చేసేది. గోడ మీద నిలుస్తుంది, చెక్క మీద పెంకులా లేచిపోతుంది. లోపలి తలుపుల్లో సన్న నెర్రెలకి రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి కూరితే చాలు. వానజల్లు కొట్టేచోట మాత్రం మామూలు ఫెవికాల్ ఆగదు. మేకు గుంటలకి, గీతలకి నూనె లప్పం మేలు. అయితే ముందు ప్రైమర్ ఒక కోటు పడాలి. లేదంటే ఎండు చెక్క నూనెంతా పీల్చేసుకుని లప్పం పొడిపొడిగా రాలుతుంది. ఒకేసారి మందంగా కాకుండా, పలచగా పెట్టి ఆరనిచ్చి మళ్ళీ పెట్టాలి. వీధి తలుపు అంచు విరిగితే, రెండు ముద్దలు కలిపి పెట్టే ఎంసీల్ లాంటిది వాడాలి, ఖరీదైనా సరే. ఏది పెట్టినా కాస్త ఎత్తుగా పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో సమం చెయ్యాలి.

ఇదంతా విని డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఈ తలుపు పెట్టి మూడేళ్ళే కదా, అప్పుడే ఎలా చివికింది?"

పాత రంగు గీకాం. కింద మందంగా గోడ పుట్టీ. అంటే తలుపు బిగించిన రోజే ఆ చెక్కకి గుంటలున్నాయి. పుట్టీ పూసి, రంగేసి, రిబ్బను కట్టి, ఫోటోలు దిగారు. పుట్టీ విచ్చినచోట నీళ్ళు దిగి, బయటికి రాలేక, లోపలే ఉండి చెక్కని తినేశాయి. ఆ రోజు కొట్టిన చప్పట్లలో నావీ ఉన్నాయి.

అక్కడే కూర్చుని సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాశాం. ఎస్టిమేటు నకలు, కొలతల పుస్తకం నకలు, తలుపుకి ఏ చెక్క అని బిల్లు పెట్టారో ఆ వివరం. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాసింది ఆ తమ్ముడే.

నాన్న గురించి ఒక మాట. 1988లో ఒక పెద్దింటి వీధి తలుపుకి పది రోజులు పని చేశాం. ఆ పది రోజులూ గడప దాటి లోపలికీ బయటికీ తిరిగాం. రంగు ఆరింది, గడపకి పసుపు రాశారు. కూలి డబ్బుల కోసం వెళ్తే గడప బయటే నిలబెట్టి, చేతికి తగలకుండా పైనుంచి వేశారు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం అమల్లోకి వచ్చి అప్పటికి 38 ఏళ్ళు. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. నాన్న ఇంటికొచ్చి కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ ఒక్క మాటన్నాడు: "ఆ తలుపులో గుంటలెక్కడున్నాయో వాళ్ళకి తెలీదురా. మనకి తెలుసు."

ఈ ఏప్రిల్ 14కి మా హాలు గోడలకి రంగుంటుంది, తలుపుకి ఉండదు. చివికిన ముక్క కోసి సంచిలో కట్టి దాచాం. ఆ ఖాళీ అలాగే వదిలేశాం. దండ వెయ్యడానికొచ్చే పెద్దలు దాన్ని చూసే లోపలికి రావాలి. జవాబు రానివ్వండి. ముందు కొత్త చెక్క, తర్వాత లప్పం, ఆ తర్వాతే నీలం రంగు.

జై భీమ్. మిగతా కబురు జవాబొచ్చాక.