2504లో మనవాళ్ళు ఎక్కడ?

గ్రూపులో మనం ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, కుల ధ్రువీకరణ పత్రాల గొడవలే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే ముచ్చట. సైన్స్ ఫిక్షన్ గురించి. "పరీక్షలు పెట్టుకొని గ్రహాంతరవాసుల గోల ఏందిరా" అనుకోకుండా చివరిదాకా చదవండి. ఇది మన సంగతే.

మేం నలుగురం సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో ఒకే గదిలో ఉంటున్నాం. ఇద్దరం కోయ, ఒకరు గోండు, ఒకరు కొండరెడ్డి. టోకు కూరగాయల వ్యాపారం ఎప్పుడో బోయిన్‌పల్లికి పోయింది. అయినా తెల్లారితే చాలు, ఇక్కడ బళ్ళ చప్పుడు, హమాలీల కేకలు, కొత్తిమీర వాసన. రైల్వే స్టేషన్ నడిచొచ్చే దూరమే కాబట్టి ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు మా గదికే వస్తారు. కింద పాత పేపర్లు కొనే దుకాణం ఉంది. అక్కడ వారపత్రికలు, అట్టలు ఊడిన నవలలు కిలోల లెక్కన వచ్చి పడతాయి. దుకాణం తాత "చదివి మళ్ళీ తెచ్చియ్యండి బిడ్డా, తూకం తగ్గొద్దు" అనేవాడు. అట్లా యండమూరి 'చీకట్లో సూర్యుడు' దొరికింది. మల్లాది 'నత్తలొస్తున్నాయి జాగ్రత్త' కూడా దొరికింది గానీ చివరి పేజీలు లేవు. ఆ నత్తలు ఏమయ్యాయో తెలియక మేం మూడు రకాల ముగింపులు కల్పించుకున్నాం. అసలు ముగింపు తర్వాత చదివాం కానీ, మా గోండు తమ్ముడి ముగింపే బాగుందని మా నలుగురి అభిప్రాయం.

ఇట్లా ఐదారేళ్ళు చదవడమే. ఎవరితోనూ మాట్లాడింది లేదు. రచయిత అంటే ఎక్కడో ఉండే మనిషి, మనం చదివేవాళ్ళం, అంతే అనుకునేవాళ్ళం.

కానీ ఈ సాహిత్యం పుట్టిన తీరు చూస్తే సంగతి వేరే ఉంది. 1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక పెట్టాడు. పూర్తిగా సైన్స్ ఫిక్షన్ కోసమే వచ్చిన మొదటి ఇంగ్లీషు పత్రిక అది. పాఠకుల ఉత్తరాలను వాళ్ళ చిరునామాలతో సహా అచ్చువేసేవాడు. దాంతో చదివేవాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు, సంఘాలు కట్టారు, కథలో సైన్స్ తప్పుంటే రచయితను నిలదీశారు. ఐజాక్ అసిమోవ్ కూడా అట్లా వచ్చినవాడే. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వాళ్ళ నాన్నకు మిఠాయి కొట్టు ఉండేది, అందులో పత్రికలు కూడా అమ్మేవాళ్ళు. పిల్లాడు వాటిని మడత నలగకుండా చదివి మళ్ళీ అమ్మకానికి పెట్టేయాలి. (మా తాత తూకం రూలు లాంటిదే ఇది.) 1938లో ఒక నెల పత్రిక టైముకు రాలేదు. పద్దెనిమిదేళ్ళ ఆ కుర్రాడు రైలెక్కి నేరుగా ప్రచురణకర్తల ఆఫీసుకే పోయి ఎందుకు రాలేదని అడిగాడు. ఆ ఏడే ఉత్తరాలు రాశాడు, ఆ తర్వాత కథ పట్టుకొని సంపాదకుడి దగ్గరికి పోయాడు, 1939లో మొదటి కథ అచ్చయింది. వలస వచ్చిన బీద యూదు కుటుంబం పిల్లాడు. అడగడం నుంచే అన్నీ మొదలయ్యాయి.

మాకు బాగా నచ్చిన తెలుగు రచయిత ఒకాయన ఉన్నారు. ఆయన్ను అడగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. నెలకోసారి ఆదివారం, స్టేషన్‌కు అవతలివైపు ఒక చిన్న గదిలో పాఠకులతో కూర్చుంటారు. పదిహేను, ఇరవై మంది వస్తారు. మేం చాలా నెలలు వెనక బెంచీలో కూర్చొని విని వచ్చేవాళ్ళం. వచ్చేవాళ్ళు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్ళు, రిటైరైన లెక్చరర్లు. కాంతివేగం దగ్గర మొదలుపెట్టి ఇరానీ చాయ్ అయిపోయేదాకా వాదించుకునేవాళ్ళు. మేం మాట్లాడకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. వాళ్ళు భయపడే విషయాలు, మేం భయపడే విషయాలు ఒకటి కావు.

ఆ రోజు చర్చ హెచ్.జి. వెల్స్ నవల మీద. 1898లో వచ్చిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. అంగారకుడి నుంచి వచ్చిన జీవులు ఇంగ్లాండ్ మీద పడి అందరినీ ఊడ్చేస్తుంటాయి. గ్రహాంతర దండయాత్ర కథలన్నిటికీ తాత లాంటిది. దాని మొదటి అధ్యాయంలోనే వెల్స్ టాస్మానియా ఆదివాసుల సంగతి ఎత్తుతాడు. యూరప్ వాళ్ళు అక్కడ దిగి యాభై ఏళ్ళలో వాళ్ళను ఎట్లా తుడిచిపెట్టారో గుర్తుచేసి, అదే పని ఇంకెవరో మనమీద చేస్తే మనం ఎట్లా ఫిర్యాదు చేస్తాం అని అడుగుతాడు. టాస్మానియా గురించి అన్నతో మాట్లాడుతుంటేనే ఈ నవల ఆలోచన వచ్చిందని కూడా చెప్పాడు. (టాస్మానియా ఆదివాసుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. తుడిచిపెట్టుకుపోయారని రాసినవాళ్ళంతా చనిపోయారు, వాళ్ళు మాత్రం ఉన్నారు.) అంటే, ఈ సాహిత్యంలో అన్నిటికన్నా పేరున్న ఊహ మన జరిగిపోయిన చరిత్రలోంచి తీసుకున్నదే. వాళ్ళకు భవిష్యత్తు, మనకు నిన్న.

ఆ గదిలో ఇది ఎవరూ అనలేదు. మాతోపాటు హాస్టల్ నుంచి ఒక కోయ అక్క వస్తుంది, ఊరు వరరామచంద్రపురం వైపు. ఆమె లేచి నిలబడింది.

"సార్, ఒక మాట అడగొచ్చా?"

"చెప్పమ్మా."

"మీ కథలో సముద్రం పెరిగి నగరం మునిగిపోతది కద సార్. జనం ఫోటోలు, బంగారం, హార్డ్ డిస్కులు సర్దుకుంటరు. మాది పోలవరం ముంపు. మా ఊళ్ళో వేల్పు చెట్టులో ఉంటది. చెట్టును ఎట్లా సర్దుకోవాలె?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన కాంటూర్ల సంగతి అడిగారు. అక్క చెప్పింది. ప్రాజెక్టు నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. అంతకుముందు దశకు 41.15. మొదటి దశలో మునిగేవాళ్ళు ఎవరు, రెండో దశ వాళ్ళు ఎవరు అనేది ఆ అంకెను బట్టే. 2014లో ఏడు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, పడుకొని లేచేసరికి రాష్ట్రం మారింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు గుట్టలెక్కాయి. "మీరు రాసేదాంట్లో నీళ్ళు ఎప్పుడొస్తయో ఎవరికీ తెలియదు సార్. మాకు దశాంశాలతో సహా తెలుసు" అంది. ఆయన ఆ రెండు అంకెలూ పుస్తకంలో రాసుకున్నారు.

అప్పుడు మాక్కూడా నోరొచ్చింది. మన అందరికీ తెలిసిన సినిమా 'ఆదిత్య 369' సంగతి ఎత్తాం. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసింది. కాలయంత్రం ఎక్కి రాయలవారి కాలానికి పోతారు, అక్కడినుంచి 2504కు పోతారు. మా అందరికీ ప్రాణం ఆ సినిమా అంటే. కానీ ఆ 2504లో కోయ మాట్లాడేవాళ్ళు ఉన్నారా? గోండీ ఉందా? ఆ సినిమా ఒక్కటే అని కాదు. తెలుగులో మేం చదివిన భవిష్యత్తు కథల్లో ఆదివాసి ఉంటే అడవిలో దారి చూపిస్తాడు, లేకపోతే మూలికో మంత్రమో ఇస్తాడు. కథ 2100కు పోయిందంటే అసలే కనపడడు. ఎప్పుడు పోయాడు, ఎట్లా పోయాడు, ఏ కథలోనూ రాయరు. పోవడం మామూలే అన్నట్టు.

ఒక పెద్దాయన "అవతార్ ఉంది కదా బాబూ" అన్నారు. ఉంది. 2010లో ఒడిశా నియమగిరి డోంగ్రియా కోంధుల కోసం సర్వైవల్ సంస్థ 'వెరైటీ' పత్రికలో ప్రకటన వేసి మరీ జేమ్స్ కామెరాన్ సాయం అడిగింది. మంచిదే. కానీ ఆ సినిమాలో అడవిజనానికి నాయకుడయ్యేది బయటినుంచి వచ్చిన సైనికుడు. నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. బయటి హీరో ఎవరూ రాలేదు. సుప్రీంకోర్టు మీరు చెప్పండి అంది, వాళ్ళు చెప్పారు.

ఇక్కడ ఉర్సులా లెగ్విన్ పేరు చెప్పాలి. 1972లో ఆమె రాసిన 'ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్'లో కలప కోసం భూమి నుంచి వచ్చినవాళ్ళ మీద ఇంకో గ్రహం అడవిజనం తిరగబడతారు. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియాలో యాహి తెగలో మిగిలిన ఒకే ఒక్క మనిషి అడవిలోంచి బయటికి వచ్చాడు. ఇషి అన్నారు అతన్ని. మ్యూజియంలో ఉంచారు, అక్కడే చూసేవాళ్ళకు బాణాలు చెక్కి చూపించేవాడు, 1916లో క్షయతో పోయాడు. అతని గురించి పుస్తకం రాసింది లెగ్విన్ తల్లి. అట్లాంటి ఇంట్లో పెరిగింది కాబట్టే లెగ్విన్ కథలో అడవివాళ్ళు మనుషుల్లా ఉంటారని మా అభిప్రాయం. వాళ్ళకు మంచీ ఉంటుంది, కోపమూ ఉంటుంది, తిరగబడ్డాక చంపడం నేర్చుకున్నామన్న దిగులూ ఉంటుంది.

రచయిత అంతా విని "ఇవి మీరే రాయాలమ్మా" అన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం అంత నచ్చలేదు. మేం రాస్తాం, అది వేరే. కానీ "మీరే రాసుకోండి" అంటే మీ భవిష్యత్తులో మాకు చోటు పెట్టే పని మీది కాదనేగా? అక్క అదే మాట మర్యాదగా చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు.

రెండు నెలల తర్వాత ఒక కొత్త కథ చిత్తుప్రతి తెచ్చి చదివారు. 2150. ఒక కోయ అమ్మాయి, గోదావరి వరదలను లెక్కగట్టే శాస్త్రవేత్త. విల్లు లేదు, మూలికలు లేవు. మేం సంతోషపడేలోపే నాలుగో పేజీలో నగరాన్ని కాపాడుతూ చచ్చిపోయింది.

"చంపడం ఎందుకు సార్?" అన్నాం నలుగురం ఒకేసారి.

"త్యాగం లేకపోతే పాఠకుడి కళ్ళు తడవవు" అన్నారాయన.

"తడవకపోయినా ఫర్వాలేదు సార్, ఆ పిల్ల ఇంటికి పోయి అన్నం తింటే చాలు" అంది అక్క. చాలాసేపు వాదన జరిగింది. లెక్చరర్లు ఆయన వైపు, సాఫ్ట్‌వేర్ వాళ్ళలో సగం మా వైపు. ఇంకో పంచాయితీ కూడా పెట్టాం. ఆ పిల్ల ఇంట్లో ఫోన్ మాట్లాడేటప్పుడు ఒక్క కోయ మాట కూడా లేదు. ఆయనకు రాదు, సరే. మమ్మల్ని అడగొచ్చు కదా. ఆ మాటలు మేమే రాసిచ్చాం, నాలుగు వాక్యాలు, తెలుగు లిపిలో.

అప్పుడు మా గోండు తమ్ముడు గుంజాల లిపి సంగతి చెప్పాడు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి అది, 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి అంకెలు కూడా ఉన్నాయి. రచయితకు ఇది కొత్త సంగతి. "2504 ఎట్లా రాస్తావు?" అని అడిగారు. తమ్ముడు చాయ్ మరక పడ్డ కాగితం మీద రాసిచ్చాడు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, చావు సంగతి వచ్చే నెల తేల్చుకుందాం అన్నారు.

వచ్చే నెల రెండో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. సికింద్రాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చేట్టయితే ముందురోజు చెప్పండి, మోండా మార్కెట్ గడియారం వైపు నిలబడి ఉంటాం. మా వైపు ఓట్లు తక్కువున్నాయి.