గోదారి పుట్టినచోట ఓ ఎర్రని గ్లాసు!

మన తెలుగు సినిమాలో గ్లాసు కనబడిందంటే ఇద్దరే గుర్తొస్తారు. ఒకరు విలను, రెండోవారు దేవదాసు! 1953 నాటి ఆ చిత్రంలో అక్కినేని కళ్లలోని మత్తు మందుది కాదనీ, రాత్రి షూటింగుకు ముందు తిన్న పెరుగన్నానిదనీ చెబుతారు. చూశారా, తిండి చేసిన పనికి తాగుడికి పేరొచ్చింది!

మా ఇంట్లో మాత్రం అది నటన కాదు. మాది నెల్లూరు జిల్లా. తాతయ్య రెండెకరాలు సారాకే పోశాడు. 1993లో సారా నిషేధం రాకముందు, దూబగుంట ఆడవాళ్ల బాటలో మా ఊరి దుకాణం మూయించిన వాళ్లలో మా అమ్మ ఒకతె. నన్ను చంకనేసుకుని మరీ వెళ్లిందట. 'గ్లాసు ముట్టకురా' అన్నది ఆమె నాతో వేయించుకున్న ఒకే ఒక్క ఒట్టు.

అలాంటి నేను నాసిక్ వెళ్లాను. నిజానికి సినిమా యాత్రకే! 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే 1870లో పుట్టిన త్ర్యంబకేశ్వర్ ఆ పక్కనే. మన గోదారి పుట్టిందీ అక్కడి బ్రహ్మగిరి మీదే. రాజమండ్రిలో సముద్రంలా కనిపించే తల్లి అక్కడ సన్నని ధార!

మా మేనమామ కొడుకు అక్కడే ఓ వైనరీలో పనిచేస్తాడు. "రా బావా, తోట చూద్దువుగాని" అని లాక్కెళ్లాడు. యూరప్‌లో ద్రాక్ష కోసే రోజుల్లో ఇక్కడ వానలు. అందుకే నాసిక్‌లో కోతలు జనవరి నుంచి మార్చి దాకా. నల్లద్రాక్షను పిండినా రసం దాదాపు తెల్లగానే ఉంటుందట. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఆ ఎరుపు, ఆ వగరు దిగుతాయి.

రాత్రి బావ ఇంట్లో షిరాజ్ సీసా తీశాడు. కాస్త చల్లబరిచాడు, పదహారు పద్దెనిమిది డిగ్రీలకు. నేను నసిగాను. "రుచి చూసేవాళ్లు మింగరు బావా, ఉమ్మేస్తారు" అని స్టీలు గిన్నె ముందు పెట్టాడు. ఒట్టు సగం నిలబడినట్టా, సగం తప్పినట్టా? తేల్చుకోలేకుండానే గ్లాసు ఎత్తాను.

మొదట నాసిక్ మిసల్‌తో. అబ్బో! మిరపకారం మీద వైన్ పడేసరికి నోరు భగ్గుమంది. తర్వాత అక్క వండిన గోంగూర మాంసం. ఈసారి కారం తగ్గించి, నూనె తేలేలా వండింది. చిత్రం! మాంసం కొవ్వుకి వగరు మెత్తబడింది. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు తలవంచి తియ్యగా తోచింది. ఉమ్మేశాను, మళ్లీ ముద్ద కలిపాను.

పడుకునే ముందు అమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాట లేదు.

"అన్నం తిన్నాకేనా?" అంది చివరికి.

"తింటూనే అమ్మా."

"మీ తాత ఏనాడూ కంచం ముందు కూర్చుని తాగలా" అని పెట్టేసింది.

ఆ ఒక్క ముక్కలో మా ఇంటి కథంతా ఉంది. పక్కన కంచం ఉంటే అది రుచి, కంచాన్ని తోసేస్తే అది సారా. ఇంత తెలిసినా సీసా మాత్రం బావ దగ్గరే వదిలేసి, గోంగూర డబ్బాతో రైలెక్కాను. ఒట్టు ఒట్టే కదా!